లోని మోసిన హద్దురాయి

"బయటికి రండి! అది దారి కాదు, నా తోట!"

ఆ అరుపు కింద మైన్ నదిలో సరుకు పడవ నడుపుకుంటూ పోతున్నవాడికి కూడా వినిపించి ఉంటుంది. అపొలోనియా అప్పటికి కొండ సగం ఎక్కింది. వీపున ఖాళీ బుట్ట, చేతిలో గడ్డపార. ఎర్రరాతి మెట్ల మలుపు తిరిగేసరికి, తన ద్రాక్ష వరసల చివర, కూలిన గోడ రాళ్ల మధ్య ఒక ఆడమనిషి కాళ్లు చాపుకుని కూర్చుని రొట్టె తింటూ కనిపించింది. నీలం చొక్కా, మెడలో నీళ్ల సీసా, బురద కొట్టుకుపోయిన బూట్లు. నడకకొచ్చిన మనిషే, సందేహం లేదు.

"దారెక్కడుందండీ మరి? మీ గోడ దారి మీదే కూలి పడుకుంది. ఎగిరి రమ్మంటారా?" అంది ఆ మనిషి, నోట్లో రొట్టె అలా ఉండగానే.

"వచ్చినదారినే వెనక్కి పోవచ్చుగా?"

"వెనక్కి పోవడానికి బ్రెమెన్ నుంచి ఇంతదూరం రాలేదండీ నేను."

"బ్రెమెనా! అదీ సంగతి. బల్లపరుపు నేల మీద పెరిగినవాళ్లకి కొండ కనిపిస్తే చాలు, ఎక్కి తొక్కేస్తారు."

"ఏం చెయ్యమంటారు? మా వీధిలో అన్నిటికంటే ఎత్తయినది మా మేనత్త ముక్కు."

అపొలోనియా పెదవి చివర కదిలింది. ఊళ్లో ఆమెని అపొలోనియా అని పిలిచేది పాదిరిగారొక్కరే. మిగతా అందరికీ ఆమె లోని. నవ్వు వస్తే దాన్ని బిగించి పట్టడం ఆమెకి అలవాటు, ముఖ్యంగా నడకవాళ్ల ముందు. వాళ్లతో ఆమెది పాత తగాదా. ఆ గోడ కింద దారి ఎంత ఇరుకంటే, ఎదురుగా ఇద్దరొస్తే ఒకరు నది వైపు గాలిలో నిలబడాలి, లేదా గోడెక్కి ఆమె తోటలోకి రావాలి. అందరూ తోటలోకే వచ్చేవారు. ఆమె ముళ్లకంపలు కట్టింది, తాడు కట్టింది, అరిచింది. ఆ అరుపులకి లోయ పొడుగునా పేరొచ్చింది. నడకవాళ్లు రాత్రి బసల్లో ఒకరికొకరు చెప్పుకునేవారు: రోటెక్ ఊరు దాటేటప్పుడు జాగ్రత్త, అక్కడొక ముసలమ్మ ఉంటుంది.

దారుల గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ లోయలో దారులన్నీ మోతల కోసం పుట్టినవే. పెంటబుట్ట ఎక్కడానికి, ద్రాక్షబుట్ట దిగడానికి, వానకి జారిపోయిన మట్టిని మళ్లీ వీపున వేసుకుని పైకి చేర్చడానికి. కొండ మట్టిని కిందికి తోస్తుంది, మనిషి పైకి మోస్తాడు. ఈ వ్యాజ్యం వందల ఏళ్లుగా నడుస్తోంది, తీర్పు ఇంకా రాలేదు. తర్వాతెప్పుడో ఎవరో పుణ్యాత్ములు ఈ ఊరి దారిని ఆ ఊరి దారితో కలిపి, రాళ్ల మీద గుర్తులు వేసి, నడక కోసమే నడిచే దారి అన్నారు. అప్పట్నుంచీ వీపు మీద ఏ బరువూ లేని మనుషులు రావడం మొదలుపెట్టారు. పని లేకుండా కొండెక్కడమేమిటని ఊరు మొదట నవ్వింది. సాయంత్రానికి వాళ్లే దిగొచ్చి ఊరి వైన్ తాగుతున్నారని తెలిశాక నవ్వడం మానేసింది.

లోని నవ్వలేదు, మానలేదు. ఆమె తిట్టేది. ఇప్పుడూ ఇంకో తిట్టు కూడదీసుకుంటూ దగ్గరికొచ్చింది. వచ్చి, ఆ మనిషి దేని మీద కూర్చుందో చూసి, ఆగిపోయింది.

"లేవండి."

"తినడం అయిపోవచ్చిందండీ, ఒక్క..."

"ముందు ఆ రాయి మీంచి లేవండి!"

ఆ గొంతులో తిట్టు లేదు. అందుకే ఆ మనిషి దిగ్గున లేచింది.

రాయి మోకాలెత్తు పొడుగుంటుంది. నాలుగు పలకలుగా చెక్కిన ఎర్రరాయి. పైకి తిరిగిన ముఖం మీద చక్రం గుర్తు, నిన్న ఉలి దింపినంత పదునుగా ఉంది. చక్రం అంటే ఊరి నేల. చక్రమున్న రాయి హద్దురాయి.

రోటెక్‌లో హద్దుల మాట ఏడుగురిది. ఒకరు పోతే మిగతా ఆరుగురూ కలిసి ఇంకొకర్ని ఎంచుకుంటారు. ఎంచుకున్నవాళ్లు చచ్చేదాకా ఆ పనిలోనే ఉంటారు. ప్రతి హద్దురాయి అడుగునా వాళ్లు మట్టిలో ఒక గుర్తు దాస్తారు. ఏ వస్తువు, ఎన్ని, ఏ వరసలో అన్నది ఆ ఏడుగురికే తెలుసు. కాగితం మీద రాయరు, కట్టుకున్నవాళ్లకి చెప్పరు. రాయి జరిగితే జరుగుతుంది గానీ, దాని కింది గుర్తుని ఎవరూ జరపలేరు, ఉందని తెలియదు కాబట్టి. లోని ఆ ఏడుగురిలో ఒకత్తె, ఆ ఊళ్లో మొదటి ఆడది. ఎంచుకునే రోజున ఒక పెద్దమనిషి, ఆడదాని నోట గుర్తు దాగుతుందా అన్నాడు. "మీ పెళ్లాలు మీ గురించి ఏమనుకుంటారో మీలో ఒక్కడికైనా తెలుసా?" అని అడిగింది లోని. ఆ పూటే ఆమెని ఎంచుకున్నారు.

ఈ గోడ దగ్గరి హద్దురాయి ఎప్పుడో కనబడకుండా పోయింది. ఏ వానకో జారి నదిలో పడి ఉంటుందనుకున్నారు. మొన్న మంచు కరిగి గోడ కూలాక, దారి పక్కన కొత్త కటకటాలు వెయ్యాలని కొలతల ఆఫీసువాళ్లు రాబోతున్నారు. హద్దు ఎక్కడో ఏడుగురూ చూపించాలి. పాత గోడ అడుగే హద్దు అని చెప్పేద్దాం అన్నాడు ఏడుగురికీ పెద్ద బుర్కార్డ్. సరే, చెప్పేముందు ఒకసారి చూసొద్దామని ఎక్కింది లోని.

ఇప్పుడామె వంగి రాయిని పక్కకి దొర్లించింది. రెండో ముఖం బూడిద రంగుకి తిరిగి నాచు పట్టి ఉంది. ఆ ముఖాన్ని ఆమె ఎరుగును. ఏళ్లతరబడి ఎండలో కొండెక్కి అలిసినప్పుడు చెయ్యి ఆనించుకున్న రాయది. కోటు తగిలించుకున్న రాయది. గోడలో ఉన్నన్నాళ్లూ ఎండా వానా తిన్న ముఖం బయటిది. చక్రమున్న ముఖం లోపలికి ఉంది కాబట్టే తాజాగా మిగిలింది. హద్దు దాటని గోడకి హద్దురాయిని దాచాల్సిన పనేముంది?

ఆ గోడ కట్టింది ఆమె మొగుడు వెండెలిన్. పక్కన రాళ్లందించింది అతని అన్న బుర్కార్డ్.

"ఏమైందండీ? ఎవరిదా రాయి, మీదా?" అంది బ్రెమెన్ మనిషి.

"కాదు." లోని చక్రం మీది మట్టి తుడిచింది. "మీది. మీ దారిది. నా గోడ మీ దారి మీదికొచ్చి కూర్చుంది. ఇన్నాళ్లూ నేను మిమ్మల్ని తిట్టింది మీ నేల మీద నిలబడి."

ఆ మనిషి చేతిలోని రొట్టెముక్క అందించబోయింది. పేరు ఇమ్‌కె అని చెప్పింది. లోని రొట్టె పుచ్చుకోలేదు గానీ బుట్ట దించి రాళ్ల మీద నిలబెట్టింది.

"ఒక చివర పట్టుకోండి."

"పోలీసుల్ని పిలుద్దామా?"

"దీనికి మా ఊళ్లో పోలీసులకంటే పెద్దవాళ్లున్నారు. ఈపాటికి కూర్చుని తాగుతూ ఉంటారు."

ఏడుగురూ లేనిదే హద్దురాయిని కదపకూడదు. అది ఆమెకీ తెలుసు. కదిలిన రాయిని నేనేం కదుపుతున్నాను, అనుకుంది. ఇద్దరూ రొప్పుతూ దాన్ని బుట్టలోకి దింపారు. పట్టీలు భుజాల్లోకి కోసుకుంటుంటే లోని గడ్డపార ఊతగా దిగడం మొదలుపెట్టింది. ఇమ్‌కె తన నడక దారి వదిలి ఆమె వెనకాలే దిగింది.

నిండు మధ్యాహ్నం. బుర్కార్డ్ ఇంటి గేటుకి కొమ్మల గుత్తి వేలాడుతోంది. అంటే ఆ ఇంట్లో వైన్ తెరిచారని. ఏడాదికి కొన్ని వారాలు ఒక్కొక్కరి కొట్టంలో ఒక్కొక్కసారి బల్లలు వేస్తారు. లోపల ఉల్లిపాయలు వేసి కరిగించిన జున్ను వాసన, తడి కోట్ల వాసన. నడకవాళ్లు, ఊరివాళ్లు కలిసి కూర్చున్నారు. మూల బల్ల దగ్గర, కొలతలవాళ్లకి ఏం చెప్పాలో అనుకోవడానికి చేరిన ఆరుగురు.

లోని నేరుగా ఆ బల్ల దగ్గరికి నడిచి, వెనక్కి తిరిగి, బుట్టని బల్ల అంచుకి ఆనించి వంచింది. రాయి దబ్బున పడింది. పళ్లేలు ఎగిరాయి.

"పిన్నీ, నా సాసేజ్!" అన్నాడు కిలియాన్, ఏడుగురిలోకీ చిన్నవాడు.

లోని రాయి మీద చెయ్యి వేసి అందరినీ చూసింది.

"దీన్ని ఎక్కడ పెట్టను?"

ఊరివాళ్లు గ్లాసులు దించి తిరిగి చూశారు. ఏమైందో తెలియక నడకవాళ్లు కూడా దించారు. ఆ ప్రశ్న రోటెక్‌లో మామూలు ప్రశ్న కాదు. హద్దురాయి జరిపినవాడు చచ్చాక నిప్పుమనిషై, మండే రాయి భుజాన పెట్టుకుని తోటల వెంట తిరుగుతాడనీ, ఎదురైనవాళ్లనల్లా ఎక్కడ పెట్టను, ఎక్కడ పెట్టను అని అడుగుతాడనీ అక్కడ అవ్వలు చెబుతారు. బతికున్న మనిషి పగటిపూట, సాసేజ్ పళ్లేల మధ్య ఆ మాట అడగడం ఎవరూ విని ఉండలేదు.

బుర్కార్డ్ నవ్వబోయాడు. "దాన్ని కింద పెట్టమ్మాయ్. జనం ఉన్నారు."

"ఉన్నారనే పైన పెట్టాను బావగారూ."

"ఎక్కడ దొరికిందేమిటి?"

"మీకు తెలియదూ?"

ముసలాయన గ్లాసు పక్కకి జరిపాడు. చక్రం వైపు చూడలేదు. కాసేపు మీసం సవరించుకున్నాడు. తర్వాత, తన బల్ల దగ్గరివాళ్లకి మాత్రమే వినిపించేలా మొదలుపెట్టాడు. "ఆ ఏడు వాన ఎలా కురిసిందో నీకూ తెలుసు. గోడంతా జారింది. పాత పునాది నిలవలేదు. గట్టి బండ బారన్నర ముందుకుంది, అక్కణ్ణుంచి లేపాం. కట్టుకి పొడుగు రాయి కావలసొచ్చింది. బురదలో ఇది చేతికి తగిలింది, పెట్టేశాం. వాన కడిగాక గదా చక్రం కనబడింది! అప్పటికి గోడ ఛాతీ ఎత్తు లేచింది. కట్టిన గోడ విప్పుతామా లోనీ? ఎవడైనా విప్పుతాడా?"

ఆరుగురిలో నలుగురు తలలూపారు. ఆ ఊళ్లో అది అర్థమయ్యే మాటే. సున్నం లేకుండా రాయి మీద రాయి కూర్చోబెట్టి గోడ లేపినవాడికి, నిలబడ్డ గోడని విప్పమనడం కన్నబిడ్డని వెనక్కిచ్చెయ్యమన్నట్టు ఉంటుంది.

"వాన కడిగితే చక్రం బయటికుండాలి. లోపలికి తిప్పిందెవరు?" అంది లోని.

బుర్కార్డ్ గ్లాసు మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"వాడు పోయాడమ్మా. పోయినవాడు ఏం చేశాడో..."

"నేనూ ఈవిడా కలిసి పట్టుకుంటే గానీ ఈ రాయి లేవలేదు బావగారూ. పోయినవాడు ఒక చివర పట్టుకున్నాడు. సరే. రెండో చివర?"

కిలియాన్ గొంతు సవరించుకున్నాడు. మంచివాడు, అందుకే తొందరపాటువాడు. "పిన్నీ, నా మాట విను. మైన్‌లో పడేద్దాం. అది ఇంతకంటే పెద్దవి మింగింది. గోడ అడుగే హద్దని ఏడుగురం ఒక్కమాట అంటే అడిగేవాడెవడు? గోడ పక్కన నువ్వూ బాబాయీ నాటుకున్న రెండు ద్రాక్ష వరసలూ నీకే ఉంటాయి. ఊళ్లో మంచి పీపా ఆ పండుతోనేగా! మాకేం వస్తుంది చెప్పు? నీకోసమే."

"నాకోసం అబద్ధమాడండని నేనడిగానా?"

"అడక్కుండా చేసేదే సాయం."

"అయితే ఆ సాయం తిరిగి తీసుకెళ్లి మీ ఇంట్లో పెట్టుకో నాయనా."

ఇమ్‌కె పక్క బల్ల దగ్గర నిలబడి ఉంది. ఎవరో ఆమె చేతిలో గ్లాసు పెట్టారు, అది అలాగే ఉంది. బుర్కార్డ్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేచాడు. ఇప్పుడు గొంతు తగ్గించలేదు.

"తవ్వుదాం. తవ్వితే ఏమవుతుందో తెలుసా? వెండెలిన్ దారి కాజేశాడంటుంది ఊరు. దొంగ పెళ్లాం ఏడుగురిలో కూర్చుందంటుంది. రేపీపాటికి నువ్వే దిగిపోతానంటావు. ఆలోచించుకో."

అదీ అసలు బేరం. నోరు మూసుకుంటే వరసలు ఉంటాయి, మొగుడి పేరు ఉంటుంది, ఏడుగురిలో చోటు ఉంటుంది. తెరిస్తే మూడూ పోతాయి. లోని చెంపలు ఎర్రబడ్డాయి. భుజాల మీద పట్టీల గీతలు ఇంకా మండుతున్నాయి.

"వరసలు నేనే నరుకుతాను. ఆయన్ని నలుగురూ ఏమంటారో అననివ్వండి. ఆయనతో కాపురం చేసింది నేను, ఆయన మంచేమిటో చెడేమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. కానీ దిగడం మాత్రం దిగను. చచ్చేదాకా అని నాచేత ప్రమాణం చేయించింది మీరే. నేను దిగాలంటే నా చావు కోసం ఎదురు చూడండి. మా అమ్మ తొంభై నాలుగేళ్లు బతికింది బావగారూ, ఆఖరి ఏడాది కూడా చెట్టెక్కి ప్లమ్ పళ్లు కోసింది." ఆమె మళ్లీ రాయి మీద అరచెయ్యి చరిచింది. "అడిగినదానికి జవాబు చెప్పండి. ఎక్కడ పెట్టను?"

నిప్పుమనిషికి ఇవ్వాల్సిన జవాబు ఆ కొట్టంలో ప్రతివాడికీ చిన్నప్పట్నుంచీ తెలుసు. అది అనేస్తే వాడికి విముక్తి. ఆరుగురు మగాళ్లూ నోరు విప్పలేదు.

"తెచ్చినచోటే పెట్టు చెల్లీ."

అన్నది గెర్‌ట్రౌడ్, బుర్కార్డ్ భార్య. వంటింటి గుమ్మంలో రెండు చేతులా జున్ను పళ్లేలతో నిలబడి ఉంది. మొగుడు ఆమె వైపు తిరిగాడు. "నన్నలా చూడకు. ఎవరో ఒకరు అనాలిగా," అంది ఆమె, పళ్లేలు పట్టుకుని నడకవాళ్ల బల్ల వైపు పోతూ.

మర్నాడు పొద్దున్నే ఏడుగురూ కొండెక్కారు. బుర్కార్డ్ అందరికంటే వెనక వచ్చాడు, కానీ వచ్చాడు. గుర్తు ఉండాల్సినచోటు ఇప్పుడు ఆ రెండు వరసల కింద ఉంది. కిలియాన్ రంపం తీసుకోబోతే లోని అతని చెయ్యి తోసేసింది. ఒక్కొక్క మొదలూ మోకాలితో నొక్కిపట్టి తనే కోసింది. మార్చి చివర కదా, వేళ్లలోంచి నీరు ఎక్కే కాలం. కోసిన ప్రతి మొదలు నుంచీ నీళ్లు బొట్లుబొట్లుగా కారి ఆమె బూట్ల మీద పడ్డాయి. ఆ లోయలో దాన్ని తీగ ఏడుపంటారు. లోని కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. నాటినరోజున వెండెలిన్ ఎంత నవ్వాడో ఆమెకి గుర్తుంది. ఎందుకు నవ్వాడో నిన్ననే తెలిసింది. రంపం ఇంకా గట్టిగా లాగింది.

తవ్వే సమయానికి దారికి రెండు పక్కలా నడకవాళ్లు చేరారు. గుర్తు పరాయివాళ్ల కంట పడకూడదు.

"అందరూ అటు తిరగండి! నది వైపు!" అని అరిచాడు కిలియాన్.

"ఎంతసేపండీ?" ఇమ్‌కె గొంతు.

"మీరు ఇంతదూరం వచ్చింది నది చూడ్డానికేగా? చూడండి!" అంది లోని.

అందరూ వీపులు తిప్పి నిలబడ్డారు. లోయ ఉంది, ఎర్ర గోడల మెట్లున్నాయి, మలుపు తిరిగే నీళ్లున్నాయి. చాలాసేపు వాళ్లు వాటినే చూశారు. వెనక పారల చప్పుడు వినిపించింది. తర్వాత అది ఆగింది. కిలియాన్ సన్నగా ఈల వేశాడు. గుర్తు దొరికింది. అది గాజుముక్కలో, కాల్చిన మట్టి బిళ్లలో, ఇంకేమిటో, ఈ కథ చెప్పేవాడికీ తెలియదు. ఎక్కడ దొరికిందన్నది మాత్రం ఊరందరికీ తెలిసింది: గోడకి బారన్నర లోపల, లోని కోసిన మొదళ్ల మధ్య.

దానిపైన రాయిని నిలబెట్టారు, చక్రం దారివైపుకి. చుట్టూ మట్టి పోసి బుర్కార్డే కాలితో తొక్కాడు. తొక్కడం అయ్యాక కూడా అతను అక్కణ్ణుంచి కదల్లేదు.

"రాయి పెట్టాక కలిసి తాగడం ఆనవాయితీ. మా ఇంటికి రా లోనీ. గెర్‌ట్రౌడ్ కూడా రమ్మంది," అన్నాడు.

లోని రంపం తుడిచి బుట్టలో వేసుకుంది. బుట్ట వీపుకెత్తుకుంది. గడ్డపార తీసుకుంది. అందరూ ఆమె ఊరివైపు దిగుతుందనుకున్నారు. ఆమె పైకి తిరిగింది.

పైన ఇంకో మూడు అంచెల అవతల అన్నదమ్ములిద్దరూ ఆ వానల ఏడే కట్టిన గోడ మరొకటి ఉంది. దాని రాళ్ల లోపలి ముఖాలు ఇంకా ఎవరూ చూడలేదు. బుర్కార్డ్ ముఖం మారిపోయింది.

"అక్కడేముంది లోనీ? ఆ గోడ బాగానే ఉందిగా!"

ఆమె తల తిప్పలేదు.

"లోనీ! నిలబడి ఉన్న గోడమ్మా అది!"

నడకవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు. ఇమ్‌కె ఏదో అనబోయి చెయ్యెత్తింది. లోని ఆమెని కూడా దాటిపోయింది. గడ్డపార ఎర్రరాతి మెట్ల మీద తగులుతూ పైకి పోయింది, మలుపు దగ్గర ఒకసారి బుట్ట అంచు కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు.